ఏడో తొట్టి

రాత్రి పదింటి నుంచి పొద్దుగాల ఆరింటి దాక
పద్దెనిమిది తొట్లకు నేనే కాపలా.
అబుదాబి, సముద్రం ఒడ్డు, యూనివర్సిటీ వెనుక రేకుల షెడ్డు.
గంటకోసారి టార్చి, థర్మామీటరు, పుస్తకం.
తొట్టి నంబరు, టైము, వేడి, ఉప్పు.
చివరి గడి ఖాళీ.
ఏమన్న చెప్పాలనిపిస్తే రాయమన్నరు.
ఆర్నెల్లు అందుల ఏమీ రాయలే.

పగడమంటే రాయనుకున్న.
మా బావ కుజదోషం పోవాలని వెండిల పొదిగించుకున్నడు,
అయినా పెండ్లి ముప్పై ఎనిమిదికే అయింది.
డాక్టర్ అఫ్రా స్టూలు గుంజుకొని కూసోని
వచ్చీరాని హిందీల చెప్పింది:
రాయి కాదు భాయ్, ప్రాణి. వేలకు వేలు నోళ్లు.
కట్టుకున్న సున్నపు గోడలల్ల ఉంటయి,
రాత్రయితే చేతులు బయటపెడ్తయి.
టార్చికి ఎర్రకాయితం చుట్టి చూసిన.
పెట్టినయి.

రంగు గూడ దానిది కాదట,
లోపల కిరాయికుండే నాచుదట.
నాచు వండుతది, పగడం తింటది.
నీళ్లు మరీ కాగితే ఇద్దరికీ చెడుతది,
నాచు ఎల్లిపోతది, ఒట్టి ఎముక మెరుస్తది.
ఇంగ్లీషుల దానికేదో పేరున్నది.
మేమైతే తెల్లబోయింది అంటం.
నలుగుట్ల బాకీ అడిగితే మనిషి తెల్లబోతడే, ఆ మాటనే.
అఫ్రాకు సమజ్ కావాలని మొఖం పెట్టి చూపెట్టిన.
నవ్వింది. జర సేపటికి నవ్వు ఆపింది.

సిరిసిల్లల పదకొండేండ్లు అద్దకం చేసిన చేతులివి.
రంగు దారాన్ని విడిచేటప్పుడు
ముందుగాల అంచులు పల్చబడ్తయి.
ఏడో తొట్టిల అంచులు పల్చబడ్డయని
మిషను కన్న రెండు రోజులు ముందే చెప్పిన.

తొట్లన్నీ ఒక తీరు కావు.
ఒకదాంట్ల ముప్పై రెండు, ఒకదాంట్ల ముప్పై నాలుగు,
ఏడోదాంట్ల ముప్పై ఆరు డిగ్రీలు.
కొన్ని పగడాలు దల్మా దీవి కాడివి, తరతరాలుగ ఎండల మసలినయి.
కొన్ని ఫుజైరా దిక్కు, జర సల్లటి సముద్రానివి.
రెండిటికీ పుట్టిన పిల్లలు గసగసాలంత ఉండె,
ఇప్పుడు పెసరగింజంత.
ఓర్చుకునే గుణం తల్లి దిక్కు నుంచి వస్తదా,
తండ్రి దిక్కు నుంచా, అదీ లెక్క.
మొదటి రోజే చెప్పింది: వేడి తగ్గించొద్దు.
చచ్చేటియి చావాలె. చావనియి ఏవో తెల్వాలె.

జులై పద్నాలుగు, రాత్రి రెండుంబావు.
ఏడో తొట్టిల ఒక పిల్ల చేతులు లోపటికి గుంజుకున్నది.
నా చెయ్యి హీటరు మీదికి వోయింది.
ఇరవై నిమిషాలు బందు పెట్టిన.
పుస్తకంల ముప్పై ఆరు అనే రాసిన.

ఎందుకంటే
ముసఫ్ఫాల పరంజి మీద లింబాద్రి గుర్తొచ్చిండు అనాలె.
నాలుక పిడచగట్టి ఉన్నకాన్నే కూలబడ్డడు.
కంపెనీ పుస్తకంల ఆడు వచ్చిన టైమున్నది, వోయిన టైమున్నది.
ఆ పొద్దు ఎంత వేడో ఏ గడిలనూ లేదు.
గని నిజం చెప్తే, ఆ రాత్రి లింబాద్రి యాదికి రాలే.
తర్వాత వచ్చిండు, చాయ్ తాగుతుంటే.

తెల్లారి చెప్పుకున్న. కొలువు పోతదనుకున్న.
అఫ్రా శానసేపు తొట్టినే చూసింది.
మూడు నెలల లెక్క, ఇరవై నిమిషాల తప్పు.
కోపంల గొంతు వణికింది.
ఆ మీద పెన్ను నా చేతికిచ్చి
చివరి గడి మీద వేలు పెట్టి
లిఖో, అన్నది.
రాయి.
తెలుగులనే రాసిన. ఎవలు చదువుతరో.

ఏడో తొట్టిని లెక్కల కలుపుతరో తీసేస్తరో ఇంకా తేలలే.
కాపలా అయితే ఉన్నది.
ఈ పొద్దు నాలుగింటికి వోయి చూసిన.
ముప్పై ఆరు. ఉప్పు నలభై రెండు.
పన్నెండు పిల్లలల్ల తొమ్మిది తెల్లబోయినయి.
రెండు సగం సగం.
ఒకటి, మూలకున్నది, బెల్లం రంగుల,
చేతులు బయటపెట్టి తింటున్నది.
హీటరు బందు పెట్టింది దీనికోసమేనా
ఇంకోదానికోసమా,
గుర్తు పడ్దామని వంగి చూసిన.
అన్నీ ఒక్క తీరుగనే ఉన్నయి.