నల్లా వచ్చే రోజు

బోరబండల మా గల్లీకి రోజు విడిచి రోజు నీళ్లు.
నాలుగింటికి. ఒక్కోసారి మూడున్నరకే
పైపు ముందు దగ్గుతది,
గాలి కక్కుతది,
ఎర్రగా రెండు గుక్కలు ఉమ్ముతది,
అప్పుడు గొంతు సవరించుకుంటది.
అమ్మకు దవాఖానల నైట్ డ్యూటీ.
అందుకే ఈ పని నాది.

కాలేజీల ఎస్తేరు మేడం చెప్పింది:
"కండ్లు మూసుకోండి. మీ ఊపిరిని చూడండి."
డెబ్బై మంది ఇరుక్కున్న సెక్షన్‌ల
ఊపిరి కనబడుడేందని నవ్వొచ్చింది మాకు.
జువేరియా నా మోచెయ్యి గిల్లింది.
నేను మాత్రం నిజంగనే చూసిన.
చూసినకొద్దీ అది నడక మర్చిపోయింది,
మెట్లు లెక్కబెట్టుకుంట దిగితే
కాలు తప్పినట్టు.

ఆదివారం టెస్టు. సోమవారం గోడ మీద ర్యాంకులు.
సెక్షన్ మారినోళ్లు బెల్లు కాకముందే బ్యాగు సర్దుకొని లేస్తరు,
ఎవరి దిక్కు చూడకుంట.
మొన్న నేను లేచిన.
మా కాలేజీల కిందపడ్డోళ్లను పైకి పంపుతరు,
నాలుగో అంతస్తుకు, రేకుల కిందికి.

ఆ రాత్రి ఫోన్ మీద బొటనవేలు
దిగుతనే ఉన్నది, దిగుతనే ఉన్నది, అడుగు లేని బావిల.
ఎవరెవరియో నవ్వులు, ఎవరెవరియో మార్కులు.
ఎప్పుడు మొదలైందో తెల్వది,
ఛాతి మీద రికార్డు పుస్తకాల కట్ట పెట్టినట్టు.
వేళ్లు చల్లబడ్డయి.
సచ్చిపోతున్ననా అనుకున్న.
అనుకొని కూడా అమ్మకు ఫోన్ చెయ్యలే,
ఆ టైముకు ఆమె చేతుల
ఎవరి సెలైన్ సీసా ఉన్నదో.

పైపు దగ్గింది.

లేవకపోతే రెండు రోజులు నీళ్లుండయి.
గంతే. అది ధైర్యం కాదు,
ఖాళీ బిందె.

బిందె అడుగున నీళ్లు పడితే డప్పు మోత.
సగానికొస్తే గొంతు మారుతది.
మెడ దగ్గరికొస్తుంటే సన్నగ, ఇంకా సన్నగ,
పాలకేడ్చే పిల్లికూన లెక్క.
కరెంటు లేకున్నా, చీకట్ల, చుక్క పొర్లకుంట
నల్లా బంద్ చేస్త నేను.
ఏ మెటీరియల్ల లేదు ఈ చదువు.

విన్న. ఇత్తడిది. తర్వాత స్టీలుది.
తర్వాత నీలం డ్రమ్ము, దానికి గొంతే లేదు,
ఎంత పోసినా ఒకటే గొణుగుడు.
మడిమల కింద తడి బండ.
ముక్కుల బ్లీచింగ్ వాసన.
ఎదురింటోళ్లు మోటరు పెట్టిన్రు, ధార సన్నబడ్డది.
కోపమొచ్చింది. లోపల్లోపల తిట్టిన.
తిట్టినంక తెలిసింది:
ఊపిరి నడుస్తున్నది,
నేను చూడకుంటనే.

ర్యాంకు ఏడికీ పోలే.
నీళ్లు గోడను కడగవు.
కాని దానికీ నాకూ నడుమ
ఒక బిందె పట్టేంత జాగ.

మంగళవారం పోయి మేడంకు చెప్పిన,
నాకు ఊపిరి కాదు, బిందె పనిచేస్తదని.
ఆమె నవ్వలే. రాసుకున్నది.
టేబుల్ కింద ఆమె కాలు ఆగకుంట ఊగుతున్నది.
"మీకేం పనిచేస్తది మేడం?"
పెన్ను ఆగింది.
"ఎంఎంటీఎస్ డబ్బాలు లెక్కబెడత," అన్నది,
"గేటు కాడ. పోయేటియి మాత్రమే."

జువేరియా ఇంకా రెండో అంతస్తులనే ఉన్నది.
గోర్లు అయిపోయినయి, ఇప్పుడు గోర్ల చుట్టూ కొరుకుతది.
నిన్న రాత్రి మూడుంబావుకు ఫోన్ చేసింది.
మాట్లాడలే. ఏడ్వలే.
నాకూ ఏం చెప్పాల్నో తెల్వలే.
అట్లనే ఉన్నం, ఇద్దరం, లైన్ల.

పైపు దగ్గింది.

స్పీకర్ పెట్టి ఫోన్‌ను గట్టు మీద
బిందెకు ఆనించిన.
"నేను చూడను," అన్న,
"ఎప్పుడు బంద్ చెయ్యాల్నో నువ్వే చెప్పు."
అటు దిక్కు ఏం లేదు.
డప్పు మోత పోయింది. గొంతు మారింది.
సన్నగ. ఇంకా సన్నగ.
"బస్," అన్నది.

రెండు గుక్కలు పొర్లినయి.
ఏం కాదు.
ఆమెకది మొదటి బిందె.