పదకొండు యూనిట్లు

నాగోల్ ఫంక్షన్ హాల్ల
ప్లేటు పట్టుకుని నిలబడి
నర్సింగరావు పెదనాయిన మొదలువెట్టిండు:
"ఆ కాలమే వేరు బిడ్డా.
శాలిబండ ఇంట్ల పదకొండు మందిమి.
ఒకటే పొయ్యి, ఒకటే మాట."

మొన్న సందూకల దొరికిన రేషన్ కార్డు
నా సంచిలనే ఉన్నది.
చివికిన అట్ట, నూనె మరకల నడుమ
నీలం సిరాల పదకొండు పేర్లు.
సాలు, అరవై ఆరు.
చూపిస్తే ఆయన కండ్లల్ల నీళ్లు.
పిల్లలందరు ఫోన్లు తీసి కొట్టుకున్నరు.

అండాళత్త మాత్రం అద్దాలు తుడుచుకుని
వేలు వెట్టి చదివింది,
బియ్యంల రాళ్లు ఏరినట్టు.

"ఇగో, మొదటిది మా నాయిన.
నెలకు నాలుగు రాత్రులు ఇంట్ల పండేది,
తక్కినయి మల్లేపల్లిల.
ఆడ ఇంకో కార్డు ఉండె.
అండ్ల గూడ మొదటి పేరు ఆయనదే.

కిష్టయ్య కాక
బొంబాయి మిల్లుకు పోయిండు.
ఉత్తరం రాలే, ఎవరు రాయలే.

ఒకటే పొయ్యా?
చిన్నమ్మ అర్రల కిరసనాయిలు స్టవ్వు,
మేనత్తకు మెట్ల కింద బొగ్గుల కుంపటి,
అమ్మ వంటింటికి తాళం, కొంగుకు చెవి.
నీ కంచంల నెయ్యి పడేది అన్నా,
అందుకే నీ యాదిల అంత కమ్మగున్నది.

మాట మటుకు ఒకటే, అది నిజం.
తక్కినోళ్లం మాట్లాడితే గద."

పెదనాయిన పెరుగన్నం కలుపుతనే ఉన్నడు.

"ఆకలైతే, గోడకు ఒక ఇటుక ఊడి ఉండేది.
అవతలి నుంచి ఖైరున్నిసా ఆపా చెయ్యి,
గిన్నెల ఖిచ్డీ, మీద ఇంత ఖట్టా.
తిని మూతి తుడుచుకుని
ఇటుక మళ్ల పెట్టేటోళ్లం.
ఆమె పేరు ఏ కార్డుల రాయాలె?"

వేలు ఏడో పేరు కాడ ఆగింది.
సుగుణ.
కొంచెం సేపు ఏమనలే.

"దగ్గుతోని పోయింది, నా చెల్లె.
పేరు కొట్టేయించలే ఎవ్వరు.
రెండేండ్లు దాని చక్కెర తెచ్చుకున్నం.
లైన్ల నేనే నిలబడేదాన్ని.
'చెల్లె మంచిగున్నదా' అని డీలరు అడిగితే
మంచిగున్నదనేదాన్ని.
చాయల వేసుకుని తాగేదాన్ని గూడ."

కార్డు మడిచి నా చేతుల పెట్టింది.
"చింపకు.
దానికి ఫొటో లేదు."

స్టేజి మీదికెంచి పిలుపు.
కెమెరా పిల్లగాడు చేతులు ఊపుతున్నడు:
జరగండి, దగ్గరికి జరగండి,
ఒక్కటే ఫ్యామిలీ గదా.

అత్త కొంగు సర్దుకుని
అన్న పక్కనే నిలబడ్డది.
అందరం నవ్వినం.
ఫొటో మంచిగ వచ్చింది.