కిటికీకి ఇవతల

సిడ్నీ రోడ్డు, ఉన్నది మాత్రం మెల్‌బోర్న్‌లో.
కోబర్గ్ దాటకముందు ఒక ఎర్రదీపం.
ఏడూ పన్నెండుకి నా ట్రామ్ అక్కడ
నలభై సెకన్లు ఆగుతుంది.

ఎడమ పక్క ఇటాలియన్ హోటలు.
తెల్లగుడ్డ మీద తెల్లకాగితం పరిచిన బల్లలు.
గుమ్మంలో పలక మీద సుద్దతో మంగళవారం ధర:
న్యోకీ, ఇరవై రెండు డాలర్లు.
పద్దెనిమిది ఉన్నప్పటి నుంచీ నాకు ఆ పలక తెలుసు.

ఊదారంగు జుట్టు అమ్మాయి ఒకతె
ఫోర్కుకి పాస్తా చుట్టి, చుట్టి, చుట్టి
నోటిదాకా తెచ్చేసరికి నాకు దారి వదిలేవారు.
ఆ ముద్ద తిన్నదో లేదో
ఇప్పటికీ తెలీదు.

మూల బల్ల దగ్గర ముసలాయన, ఎప్పుడూ ఒక్కడే.
ముందు పళ్ళెం ఉండదు, చిన్న గిన్నె.
రొట్టె ముంచడం, నోట్లో పెట్టుకోవడం, కళ్ళు మూసుకోవడం.
డబ్బు చాలక దాంతోనే సరిపెట్టుకుంటున్నాడు కాబోలు,
పాపం అనుకున్నాను.
డిపోలో హఫ్సాతో కూడా అన్నాను.

ఈ మంగళవారం నాకు సెలవు.
ఫోన్లో పేరు చెప్పాను, తిలోత్తమ అని.
అవతల పెన్ను కాసేపు తడబడింది.
వెళ్ళి చూస్తే పుస్తకంలో 'టిల్లీ, ఒకరు'.
పోన్లే, ఈ పూటకి టిల్లీనే.

ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. బూట్లు డ్యూటీవే, తుడిచాను.
అంత ఆలోచించక్కర్లేదు.
పక్క బల్ల దగ్గర సిమెంటు మరకల ప్యాంట్లతో ముగ్గురు,
ఆ పక్కన ముత్యాల దండ ఆవిడ,
అందరికీ ఒకే రకం సన్నకాడ గ్లాసులు.
మిరెల్లా అనే పిల్ల కాగితం మీద తన పేరు
నాకు తిన్నగా కనబడేలా తలకిందులుగా రాసింది.
బల్ల ఊగుతోందని
అట్టముక్క మడిచి కాలి కింద దోపింది.

న్యోకీ వచ్చాయి.
మన ఉండ్రాళ్ళే, ఒంటి మీద చారలతో.
కొరకనక్కర్లేదు, నాలుకతో అదిమితే చాలు.
టొమాటో పులుపు, దాని వెనకాలే
తులసికి మేనత్త కూతురులాంటి ఒక ఆకు.
"కారం ఏమైనా ఉందా?" అన్నాను గొంతు తగ్గించి,
పెళ్ళివారింట్లో మూడోసారి గారె అడిగినట్టు.
నూనెలో నానిన మిరపగింజలు వచ్చాయి సాసర్లో.
మూడు చెంచాలు వేసుకున్నాను.
నాలుగోది ఎవరూ చూడనప్పుడు.

గ్లాసులో నీళ్ళు సన్నగా వణికాయి.
తలెత్తకుండానే తెలిసింది, నా బండి.
వెలుతురు నింపిన పొడుగాటి వరండా ఒకటి
నడిచొచ్చి గుమ్మం ముందు నిలబడ్డట్టు ఉంది.
అంత బండికీ ముందు కూచున్న మనిషి
ఎంత చిన్నగా కనిపిస్తుందో!
హఫ్సా.
నన్ను చూసి, రూలు పక్కనబెట్టి,
రెండుసార్లు గంట కొట్టింది.
హోటలంతా తిరిగి చూసింది.
నేను ఫోర్కు ఎత్తాను, కొసన ఒక న్యోకీ.
దీపం మారేలోపే నోట్లో పెట్టేసుకున్నాను,
తిన్నానో లేదో అన్న అనుమానం
ఆవిడకి ఉండకూడదని.

అప్పుడు లేచొచ్చాడు మూల బల్ల ముసలాయన,
ఒక చేతిలో గిన్నె, ఒక చేతిలో రొట్టె.
దారిలో వంటగదిలోకి ఏదో అరిచాడు.
లోపల్నుంచి అంతకంటే గట్టిగా జవాబొచ్చింది.
ఒట్టావియోట. కొట్టు ఆయనదేనట.
దుకాణం తెరిచిన నాటి నుంచీ
రోజూ సాస్ రుచి చూడటమే ఆయన ఉద్యోగం.

"నువ్వు ఆ ట్రామ్ అమ్మాయివి కదూ," అన్నాడు.
"ఈ దీపం దగ్గర చేతులు రుద్దుకుంటూ ఉంటావు.
మిరెల్లాతో అంటూనే ఉంటాను, పాపం,
అందులో హీటర్ లేదేమో అని."

హీటర్ ఉందండీ, అన్నాను.
అది చలికి కాదు.

ఆయన నవ్వలేదు.
రొట్టె విరిచి సగం నా చేతిలో పెట్టి,
గిన్నె ముందుకు జరిపి,
"ఉప్పు సరిపోయిందా? నిజం చెప్పు," అన్నాడు.
ముంచాను. ఆయన చేసినట్టే కళ్ళు మూసుకున్నాను.
చిటికెడు తక్కువ, అన్నాను.

వంటగది వైపు తిరిగి
కోర్టులో కేసు గెలిచినవాడిలా
ఒక్క కేక పెట్టాడు.