చదరపు బ్రాకెట్లలో విధి

ఏడో అధికరణం దగ్గర మూడు రోజులుగా ఆగాం.
హోటల్ పన్నెండో అంతస్తు. అద్దం అవతల చెన్నపట్నం రేవు;
క్రేన్లు ఎవరి సంతకం కోసమూ ఆగకుండా
పెట్టెలు దించుతున్నాయి.

మిగతావన్నీ తేలిగ్గానే తెగాయి.
వాళ్ళ జీతాల మీద మన పన్ను లేదు.
పాస్‌పోర్టు బదులు గుర్తింపు కార్డు చాలు.
వాళ్ళ డ్రైవింగ్ లైసెన్సు ఇక్కడా చెల్లుతుంది.
కుడివైపు నడపడం నేర్చిన చేతులకు
రాయపురం వంతెన మీద ఎడమవైపు ఎవరు నేర్పుతారని
పరాంకుశం గారు అడిగితే
బల్లకు అటూ ఇటూ నవ్వారు.
నవ్వు మినిట్స్‌లోకి ఎక్కలేదు.

ఆగింది ఒక్క మాట దగ్గర.
విధి నిర్వహణలో ఉండగా చేసిన నేరానికి వాళ్ళ కోర్టు,
లేకపోతే మన కోర్టు.
విధిలో ఉన్నాడో లేడో తేల్చేది
వాళ్ళ కమాండర్ రాసిచ్చే కాగితం.

ముసాయిదా ఇంగ్లీషులోనే ఉంది గానీ
నా తల తెలుగులో చదువుకుంటుంది.
ఆ రెండక్షరాలకు మాలో
డ్యూటీ అనీ అర్థం, నుదుటి రాత అనీ అర్థం.
ఒకడి డ్యూటీ ఇంకొకరి నుదుట పడకుండా
కామా ఎక్కడ పెట్టాలి?

తొమ్మిదేళ్ళ కిందట కాశిమేడు దేశమ్మ
ప్లాస్టిక్ సంచిలోంచి తెగిన వల ముక్క తీసి
నా బల్ల మీద పెట్టింది.
తంబుచెట్టి వీధిలో జూనియర్ని అప్పుడు.
"చుట్టంచూపుగా వొచ్చిన ఓడమ్మా, చూసుకోలేదు.
మూడు వలలు, ఒక మోటారు,
మా వోడి కుడిచెయ్యి."
జవాబు ఒక్క వాక్యం వచ్చింది, దళసరి కాగితం మీద:
సంఘటన సమయంలో సిబ్బంది విధి నిర్వహణలో ఉన్నారు.
తెలుగు చేసి వినిపించాను. తల ఊపింది.
"అవునమ్మా, విధే" అంది.
నేను దిద్దలేదు.
ఏది దిద్దను?

అటువైపు న్యాయాధికారి రీవ్స్ చెడ్డవాడు కాడు.
టీ విరామంలో ఫోన్ తీసి చూపించాడు:
పందొమ్మిదేళ్ళ కుర్రాడు, గడ్డం మీద మొటిమలు, తెల్ల టోపీ.
ఏదో రేవులో బార్ గొడవ,
భాష రాని ఠాణాలో పదకొండు రోజులు.
దేనికి సంతకం పెట్టాడో తెలియకుండా పెట్టాడట.
"మీ కోర్టంటే కాదు నా భయం,
ఆ పదకొండు రోజులంటే."
ఏకాంబరం తెచ్చిన టీ ఇద్దరి ముందూ చల్లారింది.

మా వంశంలో ఎవరో దుబాసీ ఉండేవాడట,
కుంపిణీ దొరలకూ ఊరికీ మధ్య రెండు నాలుకల మనిషి.
ఇంట్లో గొప్పగానూ, కొంచెం సిగ్గుగానూ చెప్పుకుంటారు.
ఆ మధ్యాహ్నం పెన్సిల్‌తో రెండు పంక్తులు రాశాను:
పట్టుకున్న తొలి గంటలోనే కుర్రాడి పక్కన
వాడి భాష తెలిసిన మనిషి.
వలకూ పడవకూ చేతికీ తొంభై రోజుల్లో పరిహారం,
విధి అయినా, కాకపోయినా.

రీవ్స్ రెండుసార్లు చదివాడు.
రాజధానిని అడగాలన్నాడు.
మా వాళ్ళూ అదే అన్నారు,
అదే గొంతుతో.

సాయంత్రం హైకోర్టు గోడ పక్కగా నడిచాను.
ఎమ్డెన్ ఫలకం ముందు ఎవరో స్కూటర్ నిలిపారు.
పందొమ్మిది వందల పద్నాలుగులో ఆ ఓడ
ఏ అధికరణమూ లేకుండా వచ్చింది,
నూనె ట్యాంకులు తగలబెట్టి చీకట్లో పోయింది;
పోతూ ఊరికి ఒక తిట్టు మిగిల్చింది.
గడుసువాళ్ళను ఇప్పటికీ ఎమ్డన్ అంటారిక్కడ.
మా నాయనమ్మ నన్నే అనేది.
శత్రువు రావడానికి కాగితం అక్కర్లేదు.
స్నేహితుడికే నలభై రెండు పేజీలు.

రాత్రి ముసాయిదాలో ఆ మాటకు
అటొకటి ఇటొకటి చదరపు బ్రాకెట్లు,
తేలని మాటలకు అదే లాకప్పు.
ఏకాంబరం కప్పులు తీస్తూ, కాగితాలు తడవకుండా
మోచేత్తో జరుపుతూ అడిగాడు:
"ఓడ ఎప్పుడొస్తుంది మేడమ్?
కాట్టుపల్లి యార్డులో మా తమ్ముడు వెల్డరు.
రిపేరుకొస్తే రెండు నెలల పని."

ఇరవై నాలుగో తేదీ అన్నాను.
ఓడకైతే తేదీ ఉంది.