హస్తవాసి

రాత్రి తొమ్మిదికి నా డ్యూటీ మొదలు.
గ్లాస్టర్ రేవు మీంచి వచ్చే గాలికి
థర్లో మాస్టారి కిటికీ అద్దాలు పళ్ళు కొరుకుతాయి.
మూడు మాత్రలు, గ్లాసుడు నీళ్ళు,
తర్వాత ఆ పాత నవల.
చూపు పోయింది ఆయనకి. చదివేది నేను.

నలభై ఏళ్ళు ఊరి హైస్కూల్లో ఆ నవలే పాఠం చెప్పాడు.
ఇప్పటికీ నేను పేజీ తిప్పేలోపు
తర్వాతి వాక్యం ఆయన పెదాల మీద ఉంటుంది.

అందులో ఒక డాక్టరు.
బూడిదరంగు కోటు, కిటికీలో జలగల సీసా.
నాడి పట్టేముందు బొటనవేలు నాలుకతో తడుపుకుంటాడు.
తన కాపురం కూల్చిన ఓడ సరంగు ఇంట్లోనే
మేడమీద గది అద్దెకి తీసుకుని
వాడి దగ్గుకి మందు నూరుతుంటాడు.
ఊరంతా అంటుంది, ఎంత మంచి హస్తవాసి అని.
సరంగు చావడు. కోలుకోడు.

"సైతాను," అంటాడు మాస్టారు దిండుమీంచి,
"పరీక్షలో అదే రాయాలి.
డాక్టరు సైతానుకి ప్రతీక. జలగ పగకి ప్రతీక.
సీసా... సీసా దేనికో మర్చిపోయాను.
రెండు మార్కులుండేవి దానికి."

నవ్వాను. నవ్వడమూ డ్యూటీయే.

సెప్టెంబరులో ఏజెన్సీవాళ్ళు జాబితా చదివారు.
బెవర్లీలో పక్షవాతం ఆవిడ, రాక్‌పోర్ట్‌లో పసికందు కవలలు,
ఆ తర్వాత ఈయన పేరు.
అడిగి తీసుకున్నాను,
జీతం తక్కువన్నా, అన్నీ రాత్రిళ్ళేనన్నా.

దువార్తె నా తమ్ముడు.
క్లాసులో వాణ్ణి నిలబెట్టి, వాడి జవాబు వాడిచేతే చదివించి,
"ఈ కాగితం చేపల కంపు కొడుతోంది" అన్నాడు ఈయన.
వాడు మర్నాడు బడికి వెళ్ళలేదు. పడవెక్కాడు.
పంతొమ్మిదో ఏట ఒక ఫిబ్రవరిలో
పడవ తిరిగొచ్చింది.

నేనీయనకి ఏ హానీ తలపెట్టలేదు.
మందు ఒక్క చుక్క ఎక్కువా పొయ్యలేదు, తక్కువా పొయ్యలేదు.
వీపు పుండు పడకుండా రెండు గంటలకోసారి ఒత్తిగిలిస్తాను.
ఈ చలికాలం దాటడన్నారు; దాటించాను.
నా గుండెల మీది బిళ్ళ మీద ఇదలీనా ఫుర్తాదు అని ఉంది.
ఆయనకి కనపడదు. నేను చెప్పను.
ఆ ఇంటిపేరు ఆయన నోట్లోంచి
దానంతటది రావాలని కాచుక్కూచున్నాను.
అందాకా పోనివ్వను.

ఇవాళ ఆఖరి అధ్యాయం.
సరంగు పోయాడు. డాక్టరు చెయ్యి వదల్లేదు.
తెల్లారేదాకా ఆ చల్లబడ్డ మణికట్టు పట్టుకుని
లెక్కపెడుతూనే ఉన్నాడు.

పుస్తకం మూశాను.
నా వేళ్ళు మాస్టారి నాడి మీద ఉన్నాయి.
ఎప్పట్నించి ఉన్నాయో తెలీదు.

"ఒక కుర్రాడు," అన్నాడాయన చాలాసేపటికి,
"డాక్టరు దేనికీ ప్రతీక కాదని రాశాడు.
ఇల్లు పోయిన మనిషి, ఇంకెక్కడికి వెళ్ళాలో తెలీక
అక్కడే ఉండిపోయాడు, అంతే, అని.
సున్నా వేశాను.
ఎర్ర సిరా కాగితం అవతలికి దిగింది."

"ఏం పేరు?"

కళ్ళు మూసుకుని వెతికాడు.
వెతికినట్టు నటించాడేమో కూడా.
"వాసన గుర్తుంది," అన్నాడు. "పేరు లేదు."

రేవులో ఐసు మిల్లు మొదలైంది. నాలుగు గంటలు.
గుండె చూడాలి.
ఇన్నాళ్ళూ స్టెతస్కోపు చల్లగానే ఆనించేదాన్ని.
ఆయన ఉలిక్కిపడేవాడు.
ఆ ఉలికిపాటు తగ్గాక అంకెలు రాసుకునేదాన్ని.
ఇవాళ దాన్ని అరచేతిలో మూసి పట్టుకున్నాను.
ఎంతకీ వేడెక్కదు.
నా చెయ్యీ చల్లగానే ఉంది.

"పెట్టవా అమ్మాయీ?" అన్నాడు మాస్టారు,
చొక్కా గుండీ తనే విప్పుకుంటూ.

"ఉండండి," అన్నాను.