రిమార్కుల గడి

గువ్వల్లంకలో నలభై ఒక్కమంది పిల్లలు.
గుడ్లు అందాయి. పాలు అందాయి.
వేలిముద్రలే సాక్ష్యం.
అమలాపురం ఆఫీసులో నా తెర మీద
ఆ వరసంతా పచ్చగా ఉంటుంది,
సార్వా ఊడ్చిన నెలకి చేనున్నట్టు.

పక్క వరసలో బరువులు.
మాఘంలో ఎక్కుతాయి, వైశాఖంలో దిగుతాయి,
దసరాకి కూడదీసుకుని
కార్తీకంలో మళ్లీ జారిపోతాయి.
మూడేళ్లూ అంతే.
ఏటికి పోటూపాటూ ఉందంటే అర్థముంది,
రెండేళ్ల పిల్ల ఒంటికెందుకు?

మీటింగులో ఎవరో అన్నారు,
తల్లులు గుడ్లు అమ్ముకుంటున్నారని.
అవగాహన సదస్సు పెడదామన్నారు, ఫ్లెక్సీతో సహా.
మినిట్స్ రాసింది నేనే.
ఆ వాక్యం నా చేతిరాతలో ఇంకా ఉంది.

ముందు తూకాన్నే అనుమానించాను.
పంటు దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని ఇసకలో నడిచి,
కిరాణా కొట్టు రెండు కేజీల గుండు అరువు తెచ్చి
పిల్లల్ని వేలాడదీసే కొక్కేనికి తగిలించాను.
ముల్లు రెండు దగ్గరే నిలబడింది.

నేలపూడి మార్తమ్మ బియ్యం డబ్బా వెనక నుంచి
అట్ట చిరిగిన నోటుబుక్కు తీసింది.
"ఫోన్లో రిమార్కులకి గడి లేదు కదండీ,
ఊరుకోలేక ఇందులో రాసుకుంటున్నానండి, ఆయ్."

పెన్సిలు రాత.
చేతన్: తల్లి రొయ్యల షెడ్డుకి. వ్యాను మూడింటికి.
లాస్య: అక్క ఎత్తుకొచ్చింది. అక్కకి ఏడేళ్లు. బడి మానేసింది.
జోయెల్: గుడ్డు ఇంటికెళ్లింది. నలుగురికి ఒకటి.
పట్టుబడి రోజులు: ఎవరూ రాలేదు.

చీకటితో వెళ్లి, ఐసులో వేళ్లు మొద్దుబారేదాకా
రొయ్య తలలు తుంచే అమ్మలు
ఐదు దాటితే గాని రేవు దిగరు.
మా కేంద్రానికి నాలుగింటికి తాళం.

షెడ్డు వ్యాను డ్రైవరు డైరీ అడిగి తెచ్చాను.
వ్యాను తిరిగిన నెలలు, బరువు తగ్గిన నెలలు,
ఒక గీత మీద ఇంకో గీత పెట్టి చూశాను.
ఒకే చేతిలోంచి జారిన ముగ్గుపిండిలా కలిసిపోయాయి.
ఫ్లెక్సీ మీద అచ్చేయాల్సిన అవగాహన
మాకు లేనిదేనని తేలింది.

సాయంత్రం ఆరింటికి తెరుద్దాం,
అమ్మ ఒళ్లోనే తినిపిద్దాం అని రాసి పంపాను.
మూడు నెలలు చూడమన్నారు.
పాయ అవతల ఊడుపులంకని మాత్రం
మార్చకుండా ఉంచమన్నారు, పోల్చడానికి.
న్యాయమే. పోలిక లేనిదే రుజువేది?
కానీ రోజూ చీకటి పడగానే
ఆ ఇరవై ఏడుమంది ఇళ్ల దీపాలు కనబడేవి.
పట్టికలో వాళ్లదొక నిలువు వరస.
దానికేదో పేరుండాలి కదా,
యథాస్థితి అని పెట్టాను.

ఇక్కడ ముప్ఫై ఒక్కరు బరువెక్కారు.
అక్కడ ఆరుగురు.
ఉత్తర్వు వచ్చింది, రెండు లంకలకీ.
ముప్ఫై ఒకటి అన్న అంకె
సభలో చెప్పుకోడానికి పనికొచ్చింది, చప్పట్లు కూడా పడ్డాయి.

మిగిలిన పదిమంది కోసం ఇవాళ మళ్లీ పంటెక్కాను.
మార్తమ్మ నోటుబుక్కు మోకాలి మీద తెరిచింది.
ఒక్కో పేరు దగ్గరా ఆగుతోంది,
ఒక్కో పేరుకీ ఒక్కో కారణం,
ఏదీ ఇంకోదానితో కలవదు.
నాలుగో పేరు దగ్గర రేవులో హారను మోగింది.
"ఆఖరి పంటండి," అంది.
"వింటున్నా. ఐదో పేరు చదవండి."