జీతం బత్తెం

కాన్‌బెర్రాలో పార్లమెంటు కూర్చునే వారం
నా తాళాల గుత్తి బరువెక్కుతుంది.
కింగ్‌స్టన్‌లో ఒకే భవనం, పదకొండు ఫ్లాట్లు,
పదకొండు జతల దుప్పట్లు.
కారు అద్దం మీది ఆగస్టు మంచు గీరుతుంటే
నా పాత లైబ్రరీ కార్డు విరిగింది.
లోపల వాళ్ళు హీటర్లు ఆర్పకుండానే
సభకు వెళ్ళిపోయారు.

పద్నాలుగో నంబరు టాలివర్ గారిది.
గారిది అంటే, గారి భార్య పేరున ఉన్నది.
సొంత ఇంట్లో పడుకున్న ప్రతి రాత్రికీ
ఆయనకు బస ఖర్చు వస్తుంది.
రూలు ప్రకారమే. రూలు కాగితం ఫ్రిజ్ మీద
అయస్కాంతం కింద వేలాడుతుంటుంది,
పక్కనే బ్యాంకు లోను తేదీ.
తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాణ్ణి
మా కదిరిలో తిట్టేవాళ్ళు.
ఈయన తన ఇంటి వాసాలే లెక్కపెట్టి
బిల్లు ఊరందరికీ పంపుతున్నాడు.
అందులో నా పన్ను ఏ వాసమో తెలిస్తే
ఆ ఒక్కదానికి బూజు దులపకుండా వదిలేద్దును.

ఆ కోపంతోనే తొమ్మిదో నంబరు తలుపు తీశాను.
అక్కడ మంచం లేదు.
నేల మీద పరుపు, పరుపు పక్కన దగ్గు మందు,
ప్లాస్టిక్ డైనోసారు, తడి ఆరని చిన్న మేజోళ్ళు.
బ్రాన్విన్ హాస్కెట్. మొదటిసారి గెలిచింది.
మా రెండు తెలుగు రాష్ట్రాలు కలిపి పరిచినా
అంచులు మిగిలిపోయేంత నియోజకవర్గం.
గెలవకముందు, గొర్రెల ఉన్ని కత్తిరించే షెడ్లో
ముప్పై మందికి వంటమనిషి.
"ఈ బత్తెం లేకపోతే నాలాంటిది ఇక్కడ ఉండదు" అంది ఒకసారి,
నేను అడక్కుండానే,
నా చేతిలోంచి తుడుపుగుడ్డ అందుకుని.
నిజమే అన్నాను.
నిజమే. కానీ ఆమె జీతం నాకు నాలుగింతలు.
నాలుగింతలు అన్న మాట
ఆ మేజోళ్ళు మడత పెడుతున్నంతసేపూ
నోట్లో చింతగింజలా ఆడింది.

పై అంతస్తు మొత్తం ఒక్కడిదే.
గనుల డబ్బు, తాతల నాటిది.
వారం వారం నేను మార్చే దుప్పటి మీద
ఎవరూ పడుకున్న ముడత ఉండదు.
"నాకు జీతం వద్దు, ఒక్క సెంటు ముట్టను"
అని పేపర్లో ఫొటో, ఇన్ని తెల్లటి పళ్ళు.
క్వీన్‌బియన్‌లో మేం అద్దెకుండే ఇంట్లో
నలుగురం వంటగదిలో ఆ ఫొటో చుట్టూ చేరాం.
సమోవా నుంచి వచ్చిన లోసా చప్పట్లు కొట్టింది.
నాకేమో మేకలు గుర్తొచ్చాయి.
జీతం బత్తెం లేకుండా కాస్తానని
ముందుకొచ్చిందట తోడేలు.
లోసా ఎన్నడూ తోడేలును చూడలేదు,
డింగో అని చెప్పాను.
చప్పట్లు ఆపి అడిగింది:
"మరి జీతం తీసుకుని కూడా మేసేవాణ్ణి
మీ ఊళ్ళో ఏమంటారు?"
కంచె అంటాం, అన్నాను.

ఇంతకు మించి నాకు తెలియదు.
ఎంత ఇస్తే మనిషి తోడేలు కాడో,
ఎంత దాటితే కంచె
పైరు వైపు వంగడం మొదలెడుతుందో
కొలిచే గజంబద్ద నా బకెట్‌లో లేదు.
ఒక్కటి మాత్రం చెప్పగలను, చీపురు పట్టిన దాన్ని కనుక:
షెడ్లో వండిన చేతికి తలుపు తెరవడానికే
ఈ డబ్బు పుట్టి ఉంటే
అదే తలుపు సందులోంచి
టాలివర్ గారి లోను కూడా దూరింది.

ఏజెంటు ఉత్తరం వచ్చింది. వచ్చే నెల నుంచి
వారానికి నలభై డాలర్లు ఎక్కువట.
మా బసకు ఖర్చు ఎవరూ రాయరు.

మొన్న శుక్రవారం టైమ్‌షీట్ మీద
మూడు గంటల పనికి మూడుంపావు రాశాను.
ఎవరూ చూడలేదు. రూలు కాగితం
అయస్కాంతం కింద కదలకుండా ఉంది.
కొట్టేసి, మూడు అని దిద్దాను.

దిద్దినందుకు
ఇవాళ్టికీ ఒళ్ళు మండుతోంది.